ఆవకాయ పార్సిల్: ప్యాకింగ్ నుంచి ట్రాకింగ్ దాకా

బెంగళూరులో ఉన్న మావాడికి మొదటిసారి పంపిన ఆవకాయ రెండు వారాలు ఊళ్లు తిరిగి మళ్లీ మా గుమ్మంలోకే వచ్చింది. డబ్బా మూత దగ్గర నూనె కారి, జెల్ పెన్నుతో రాసిన వాడి అడ్రస్ అలికినట్టయిపోయింది, పక్కన ఉన్న మా అడ్రస్ ఒక్కటే మిగిలింది. ట్రాకింగ్ పేజీని రోజుకి ఇరవైసార్లు చూశాను, ఏం లాభం? జాగ్రత్తంతా బుక్ చేయకముందే పడాలి.

గాజు సీసా వద్దు. మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచి నింపండి. మూత కింద పాలిథిన్ ముక్క పరిచి గట్టిగా బిగించి, చుట్టూ టేపు వేసి, ఒక కవర్లో, దాన్ని మళ్లీ ఇంకో కవర్లో పెట్టి ముడేయండి. పైకి తేలిన నూనె కొంచెం వంపేసి పంపి, అక్కడ పప్పునూనె పోసుకోమంటే ఇంకా మంచిది, కారే గొడవ ఉండదు (మా అత్తయ్య మాత్రం నూనె తేలని ఆవకాయ ఆవకాయేనా అని ఇప్పటికీ ఒప్పుకోదు). అట్టపెట్టెలో డబ్బా కదలకుండా పాత పేపర్లు కుక్కండి. పెట్టె ఊపితే లోపల చప్పుడు రాకూడదు, అంతే.

అడ్రస్ పర్మనెంట్ మార్కర్‌తో రాసి, దానిమీద పారదర్శకంగా ఉండే టేపు అంటించండి. అదే అడ్రస్ ఇంకో చీటీ మీద రాసి పెట్టెలో కూడా వేయండి, పైది ఊడిపోయినా పని జరుగుతుంది. ఫోన్ నంబర్లు రెండు ఇవ్వండి. పిన్‌కోడ్ గుర్తున్నట్టే ఉంటుంది కానీ ఒక్కసారి సరిచూసుకోండి. ఆరంకెల్లో చివరి మూడూ డెలివరీ చేసే పోస్టాఫీసుని చెప్తాయి, అక్కడ తేడా వస్తే పార్సిల్ ఊరు చేరి కూడా వేరే పేటకి వెళ్తుంది.

జంతికలూ చేగోడీలూ కూడా పంపేవాళ్లు పెట్టె సైజు చూసుకోవాలి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి, ఆ అంకె అసలు బరువుకన్నా ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. 40, 30, 30 పెట్టెలో రెండు కిలోల జంతికలు పెట్టారనుకోండి, లెక్క 7.2 కిలోలకి పడుతుంది!

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్లకైతే ఆర్టీసీ కార్గో నాకు నచ్చుతుంది, కాకపోతే ఇంటికి తెచ్చివ్వని చోట అవతలివాళ్లు బస్టాండుకి వెళ్లి తెచ్చుకోవాలి. దూరానికి స్పీడ్ పోస్ట్. రసీదుని అక్కడే ఫోటో తీసుకోండి, ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి.

స్పీడ్ పోస్ట్ నంబరు 13 అక్షరాలు: ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’. ఇండియా పోస్ట్ సైట్‌లో అది కొడితే బుక్డ్, బ్యాగ్డ్, డిస్పాచ్డ్ అని వరసగా కనిపిస్తాయి. ‘డిస్పాచ్డ్’ దగ్గర ఒకట్రెండు రోజులు కదలకపోతే కంగారు పడకండి, సంచి దారిలో ఉంది, తర్వాతి చోట స్కాన్ చేసేదాకా పేజీ మారదు. ‘డోర్ లాక్డ్’ అని వస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. మర్నాడు పొద్దున్నే, పోస్ట్‌మన్ బయలుదేరకముందే, ఐడీ కార్డు పట్టుకుని ఆ పోస్టాఫీసుకి వెళ్లమనండి, ఎందుకంటే కొన్నాళ్లు ఉంచి వెనక్కి పంపేస్తారు. అక్కడా తేలకపోతే 1800 266 6868కి ఫోన్ చేయండి.

ఇంకొకటి. మీ పార్సిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిగా లేదు, ఈ లింకు నొక్కి కొంచెం డబ్బు కట్టండి అని మెసేజ్ వస్తే నొక్కొద్దు. డెలివరీ బాయ్‌ని అంటూ *401* తో మొదలయ్యే నంబరు డయల్ చేయమంటే అసలే చేయొద్దు, మీ కాల్స్ వాడి ఫోన్‌కి మళ్లిపోయి, ఫోన్‌లో చెప్పే ఓటీపీలు కూడా వాడికే వినిపిస్తాయి. పొరపాటున చేసేస్తే వెంటనే ##002# కొట్టండి, డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ట్రాకింగ్ నంబరు అందుకునేవాళ్లకి ముందే వాట్సాప్‌లో పంపేయండి, ఏ మెసేజ్ వచ్చినా లింకు జోలికి పోకుండా ఆ నంబరు అసలు సైట్‌లో వాళ్లే కొట్టి చూసుకుంటారు.