ఆబ్జెక్ట్‌ను సరిగ్గా కాపీ చేయడం ఎలా?

మా ఊరికి రెండు పేర్లు. ఇంట్లో మేం బరంపురం అంటాం, రైల్వే స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. పేర్లు రెండైనా ఊరు ఒకటే. బరంపురంలో వాన పడితే బ్రహ్మపూర్ తడవకుండా ఉండదు. కోడ్‌లోనూ అంతే, ఆబ్జెక్ట్ (ప్రోగ్రామ్ దాచుకునే వస్తువు) ఒకటే ఉండి పేర్లు రెండు ఉండొచ్చు. సాయంత్రాలు నా దగ్గర పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు చెప్పేది ఇదే. ఇది వంటబట్టకుండానే పెద్ద పాఠాలైన క్లాసులు, ఇన్‌హెరిటెన్స్ అంటూ ముందుకు పోయి, అందరూ ఒకే చోట బోర్లా పడటం ఏళ్ల తరబడి చూస్తున్నాను.

పైథాన్ 3 ఉన్న కంప్యూటర్, ఒక తెల్లకాగితం, పెన్సిల్ ఉంటే చాలు. పైథాన్ తెరవగానే >>> అనే గుర్తు వస్తుంది, టైపింగ్ అక్కడే. ఫైల్లో రాసి ఒకేసారి రన్ చేయొద్దు. ఒక లైను కొట్టాలి, ఏమైందో చూడాలి, ఆ తర్వాతే ఇంకో లైను. వేరియబుల్ పేర్లు, అంటే విలువలకు మనం పెట్టుకునే పేర్లు, తెలుగులోనే పెట్టండి. 2008లో పైథాన్ 3 వచ్చినప్పటి నుంచి తెలుగు పేర్లు చెల్లుతున్నాయి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే మా పిల్లలకు ‘టెంప్’, ‘ఎక్స్’ కన్నా ‘సరుకు’ అనే పేరే తొందరగా తలకెక్కుతుంది.

మొదటి మెట్టు. ఈ మూడు లైన్లు కొట్టండి. [12, 40] అనేది ఒక లిస్టు, [0] అంటే అందులో మొదటిది.

సరుకు = [12, 40]
నకలు = సరుకు
నకలు[0] = 9

ఇప్పుడు సరుకు అని కొట్టి ఎంటర్ నొక్కితే [9, 40] అని వస్తుంది. మీరు ముట్టుకున్నది నకలుని, మారింది సరుకు కూడా. = గుర్తు ఇక్కడ కాపీ చేయలేదు, ఉన్న లిస్టుకే రెండో పేరు పెట్టింది. ‘వేరియబుల్ అంటే డబ్బా’ అని చెప్పే పాఠం నాకు అస్సలు నచ్చదు. సీ భాషలో ఒక అంకె దాచుకునేటప్పుడు ఆ పోలిక సరిపోతుంది. సీ ప్లస్ ప్లస్‌లో కూడా మామూలు ఆబ్జెక్ట్‌కి = పెడితే కాపీయే అవుతుంది. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్‌లలో మాత్రం ఆబ్జెక్ట్ ఒకచోట ఉంటుంది, వేరియబుల్ దానికి అతికించిన చీటీ. ఆ చీటీ చూపించే దారినే రెఫరెన్స్ అంటారు.

రెండో మెట్టు చిన్నదే. == అంటే రెండింటిలో ఉన్నది సమానమా అని అడగడం, ఈజ్ (is) అంటే రెండూ ఒకటే వస్తువా అని అడగడం. జావాలో ఆబ్జెక్ట్‌ల మధ్య == పెడితే అది రెండో ప్రశ్నే అడుగుతుంది. అందుకే అక్కడ స్ట్రింగ్‌లు (అక్షరాల వరుసలు) పోల్చడానికి ఈక్వల్స్ మెథడ్ వాడాలి.

మూడో మెట్టులో కాపీ. ఇక్కడ నిదానంగా చదవండి.

మార్చి = [["పట్టు చీర", 12], ["తువ్వాలు", 40]]
ఏప్రిల్ = మార్చి[:]
ఏప్రిల్[0][1] = 9

[:] నిజంగానే కొత్త లిస్టు తయారుచేస్తుంది. ఏప్రిల్‌కి ఇంకో వరుస కలిపితే మార్చికి ఏమీ కాదు. అది చూసి ‘కాపీ అయిపోయింది’ అని లేచి వెళ్లిపోతారు. కానీ మార్చి అని కొట్టి చూడండి, పట్టు చీర పక్కన 12 పోయి 9 ఉంటుంది. పై లిస్టే కొత్తది, లోపలి వరుసలు పాతవే. దీన్ని షాలో కాపీ అంటారు. కాపీ మాడ్యూల్‌లోని కాపీ ఫంక్షన్ (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్క) చేసేదీ ఇదే.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక చీరల కొట్టుకు స్టాకు ప్రోగ్రామ్ రాసిచ్చి, నెల మారినప్పుడు పాత లిస్టును ఇలాగే కాపీ చేశాను. కొత్త వరుస కలిపి పరీక్షించాను, బాగానే ఉంది. ఏప్రిల్లో మూడు చీరలు అమ్ముడుపోయాక కొట్టాయన తన ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. మార్చి ముగింపు నిల్వ పుస్తకంలో 12, స్క్రీన్ మీద 9. అప్పటికి గత నెలల లెక్కలన్నీ మారిపోయాయి. పుస్తకం ఉండబట్టి సరిపోయింది.

అందుకే ముందు కాగితం మీద గీయండి. ప్రతి లిస్టుకూ ఒక గడి, ప్రతి పేరు నుంచి దాని లిస్టుకు ఒక బాణం, బయటి లిస్టు నుంచి ప్రతి లోపలి లిస్టుకూ ఒక బాణం. రెండు బాణాలు ఒకే గడిలో దిగితే అక్కడ ఆగండి. ఇది చేయకుండా కాపీ కోడ్ రాయనివ్వను. [[0] * 3] * 3 అని పట్టిక తయారుచేసినప్పుడు కూడా గీసి చూడండి. మూడు వరుసలు కనిపిస్తాయి కానీ గడి ఒకటే. ఒక వరుసలో 7 పెడితే మూడింటిలోనూ 7 వస్తుంది.

‘డీప్‌కాపీ ఉందిగా, అది వాడితే పోలేదా’ అంటారు. అదీ కాపీ మాడ్యూల్‌లోదే. అది లోపలిదాకా అన్నీ కొత్తగా చేస్తుంది నిజమే. కానీ ప్రతి వరుసలో చీర నేసిన ఆయన వివరాలున్న ఆబ్జెక్ట్ కూడా ఉందనుకోండి. డీప్‌కాపీ ఆయనకీ ఇంకో నకలు తయారుచేస్తుంది. తర్వాత ఏప్రిల్ వైపు ఆయన ఫోన్ నంబరు మారిస్తే మార్చి వైపు పాత నంబరే మిగిలిపోతుంది. నిల్వ అంకె నెలకొకటి ఉండాలి, మనిషి మాత్రం ఒకడే ఉండాలి. ఆ తేడా డీప్‌కాపీకి తెలియదు, మీకే తెలుసు. అందుకని లూప్ పెట్టి, విడిగా ఉండాల్సిన వరుసలకు మాత్రం ఒక్కోదానికి [:] పెట్టి, చేత్తో కాపీ చేయండి. నాలుగు లైన్లు ఎక్కువవుతాయి, కానివ్వండి.

చివరి మెట్టు, ఫంక్షన్. లిస్టును ఫంక్షన్‌కి ఇచ్చినప్పుడు కాపీ వెళ్లదు, అదే లిస్టుకు లోపల ఇంకో చీటీ అంటుకుంటుంది. 1970ల్లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్, ఆమె సహచరులు సీఎల్‌యూ భాష తయారుచేసినప్పుడు ఈ పద్ధతికి కాల్ బై షేరింగ్ అని పేరు పెట్టారు. ఇంటర్వ్యూల్లో ‘కాల్ బై వాల్యూనా, కాల్ బై రెఫరెన్సా’ అని, అంటే కాపీ వెళ్తుందా, బయటి వేరియబులే వెళ్తుందా అని అడిగితే టెన్షన్ పడకండి, ఈ మూడో పేరు చెప్పి గీసి చూపించండి. ఫంక్షన్ లోపల సరుకు[0] = 0 అంటే బాణం కదలదు, గడిలో అంకె మారుతుంది, బయటా మారినట్టే. అదే లోపల సరుకు = [] అంటే లోపలి చీటీ బాణం కొత్త గడికి తిరుగుతుంది, బయట లిస్టు ఎలా ఉందో అలాగే ఉంటుంది.