ఇద్దరే వెళ్లే కరీబియన్ క్రూజ్: ఓడ కంటే ముందు రేవులు చూసుకోండి

క్రూజ్ బుక్ చేసేవాళ్లు చాలామంది ముందు ఓడ చూస్తారు. ఎన్ని అంతస్తులు, ఎన్ని పూల్స్, థియేటర్ ఎంత పెద్దది, ఇదే లెక్క. నేను ముందు రేవుల పట్టిక తెరుస్తాను. అందులోనూ ఊళ్ల పేర్ల కంటే పక్కన వేసిన గంటలు చూస్తాను. పొద్దున 8కి ఆగి సాయంత్రం 5కి బయల్దేరే రేవులో తీరిగ్గా తిరగొచ్చు. మధ్యాహ్నం 12కి ఆగి 6కి వెళ్లిపోయే రేవులో దిగేసరికే ఎండ నెత్తిమీద ఉంటుంది. నీళ్లలో దిగి ఒళ్లు ఆరేలోపే వెనక్కి పరుగు.

కరీబియన్‌లో ప్రధానంగా మూడు దారులున్నాయి. పడమటి దారిలో మెక్సికోలోని కోజుమెల్, గ్రాండ్ కేమన్, జమైకా, హోండురస్‌కి చెందిన రోటాన్ వస్తాయి. తూర్పు దారిలో ప్యూర్టో రికోలోని శాన్ జువాన్, సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్. దక్షిణాన అరూబా, కురసావ్, బార్బడోస్, సెయింట్ లూసియా. నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలో చేపల్ని చూడాలనుంటే పడమర బాగుంటుంది. పాత వీధులూ కోటలూ కావాలంటే తూర్పు, లేదా దక్షిణం. మా ఆయనది కోటల పిచ్చి, నాది నీళ్ల పిచ్చి. ఈ పంచాయితీ డబ్బు కట్టకముందే తేల్చుకుంటాం, లేకపోతే అది ఓడెక్కి మాతోపాటే వస్తుంది. ఇంకో మాట: ఏడు రాత్రుల ప్రయాణంలో కనీసం రెండు రోజులైనా ఏ రేవూ లేకుండా సముద్రం మీదే గడిచేట్టు చూసుకోండి. రోజుకో దీవి చొప్పున దిగుతూ ఎక్కుతూ ఉంటే సగం ప్రయాణానికే ఒకరి మీద ఒకరు విసుక్కోవడం మొదలవుతుంది.

కాలం సంగతి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుపాన్ల కాలం. అందులోనూ ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఉద్ధృతి ఎక్కువ. అప్పుడు టికెట్లు చవగ్గా దొరుకుతాయి, ఓడ కూడా తుపానుకి ఎదురెళ్లదు, దారి మళ్లిస్తుంది. కానీ మీరు ఏ దీవి కోసం ఎక్కారో అదే జారిపోవచ్చు. రేవులు మార్చే హక్కు టికెట్ షరతుల్లోనే కంపెనీకి ఉంటుంది. అరూబా, కురసావ్ తుపాన్లు మామూలుగా తిరిగే దారికి దక్షిణంగా ఉంటాయి కాబట్టి ఆ నెలల్లోనే సెలవు దొరికేవాళ్లకి దక్షిణ దారి మేలు. వానలు తక్కువగా ఉండేది డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా.

వీసా విషయంలో ఒక్కటే చెప్తాను. అమెరికా రేవు నుంచి బయల్దేరి వేరే దేశాల దీవులు తిరిగి మళ్లీ అమెరికాకే వస్తారు కాబట్టి, వీసా అవసరమైనవాళ్ల దగ్గర మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండి తీరాలి. పట్టికలో ఉన్న ప్రతి దీవి నిబంధనా విడిగా చూసుకోండి. ఆ రేవులో దిగకపోయినా ఓడెక్కే చోటే కాగితాలన్నీ అడుగుతారు.

గది ఎక్కడ తీసుకోవాలి

బాల్కనీ ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. గది ఓడలో ఎక్కడుందన్నది మొదటిది. ఓడ ముందు భాగం, వెనక భాగం అలలకి లేచి పడుతుంటాయి. పై అంతస్తులు పక్కలకి ఎక్కువ ఊగుతాయి. కింది అంతస్తుల్లో, ఓడ నడిమధ్యలో ఉన్న గదికి కదలిక అన్నిటికంటే తక్కువ. నాకు కారులో కొండెక్కితేనే కడుపులో తిప్పుతుంది కాబట్టి ఈ విషయంలో బేరం లేదు. పై అంతస్తు బాల్కనీకి పెట్టే డబ్బుతో కిందే నడిమధ్యన కిటికీ గది తీసుకుంటాను. వికారానికి డాక్టర్ని అడిగి తెచ్చుకున్న మాత్ర ఓడ ఊగడం మొదలవకముందే వేసుకోవాలి, వాంతి వచ్చాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. మెక్లిజిన్ లాంటివి నిద్రమత్తు తెస్తాయి కాబట్టి రాత్రిపూట వేసుకోవడం తేలిక.

డెక్ ప్లాన్, అంటే ఓడ అంతస్తుల పటం, తెరిచి మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. రెండు వైపులా గదులే ఉంటే ప్రశాంతం. పైన పూల్ డెక్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు మీ నెత్తినే. కింద థియేటర్ ఉంటే అర్ధరాత్రి దాకా డ్రమ్ములు. కిటికీ గది తీసుకుంటే ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతోందేమో కూడా అక్కడే తెలుస్తుంది. కొన్ని గదుల్లో మంచాలు రెండుగా విడదీసి ఉంటాయి, కలిపి వేయమని బుకింగ్‌లోనే రాయించండి.

ఓడ గది గోడలు చాలావరకు ఇనుప రేకువి. అయస్కాంతం హుక్కులు నాలుగు పట్టుకెళ్తే తడి స్విమ్ సూట్లు, టోపీలు, సంచులు గోడకే వేలాడతాయి. ఇద్దరు మసలాల్సిన అంత చిన్న గదిలో కుర్చీ మీద గుట్ట పేరుకోకపోతే సగం కీచులాటలు తగ్గుతాయి. ఇస్త్రీపెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్లకండి, తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు.

ఓడ ఎక్కే రోజు

ఆ ఊరికి ముందురోజే చేరుకోండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. రేవు దగ్గర పెద్ద పెట్టెలు తీసుకుని ట్యాగ్ వేస్తారు, అవి గది గుమ్మం ముందుకి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అందుకని మందులు, పాస్‌పోర్టులు, ఛార్జర్లు, ఇద్దరి స్విమ్ సూట్లు చేతిసంచిలో ఉండాలి. మిగతావాళ్లు పెట్టెల కోసం ఎదురుచూస్తుంటే మీరు పూల్‌లో ఉంటారు.

ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూపించే భద్రతా డ్రిల్ తప్పించుకునేది కాదు. 2012లో కోస్టా కాంకార్డియా ఇటలీ తీరంలో రాయికి గుద్దుకున్నాక నిబంధన బిగించారు. 2015 నుంచి ఓడ కదలకముందు గానీ, కదిలిన వెంటనే గానీ ప్రయాణికులందరికీ డ్రిల్ జరగాలి. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో చూసి, మీకు కేటాయించిన చోటికి వెళ్లి కార్డు చూపిస్తే సరిపోతుంది. ప్రమాదం వచ్చి ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అక్కడికే రావాలి. ఆ చోటు ఇద్దరూ కాళ్లతో నడిచి చూడండి, ఒకరు చూసి రెండోవాళ్లకి చెప్పడం కాదు.

ఓడ కదలగానే ఫోన్లు రెండూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. సముద్రం మధ్యలో ఫోన్‌కి సిగ్నల్ కనిపిస్తే అది ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్, రోమింగ్ బిల్లు చూస్తే గుండె ఆగుతుంది.

మద్యం ప్యాకేజీ గురించి కూడా ముందే తెలుసుకోండి. చాలా కంపెనీలు ఒకే గదిలో ఒక పెద్దవారు కొంటే రెండోవారూ కొనాలంటాయి. ఇద్దరిలో ఒకరు తాగనివాళ్లయితే ప్యాకేజీ మానేసి ఏ గ్లాసుకి ఆ గ్లాసు కొనుక్కోవడమే చవక. సిబ్బందికి ఇచ్చే టిప్పు చాలా ఓడల్లో మనిషికి ఇంత, రోజుకి ఇంత అని దానంతటదే ఖాతాలో పడుతుంది, బుకింగ్ అప్పుడే కలుపుకుని లెక్కేసుకోండి.

రేవులో దిగాక

నా పద్ధతి ఒక్కటే: రేవుకి ఒక్క పని. రెండో పని పెట్టుకున్నారంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. ఆ ఒక్క పని ఎవరిష్టమో కూడా ముందే పంచుకోండి. ఒక దీవి ఆయనది, ఒక దీవి ఆమెది. రెండోవాళ్లు ఆ రోజు మూతి ముడుచుకోకుండా వెంట నడవాలి. ఎండలో నిలబడి ఎటు వెళ్దాం అని గొడవపడే అరగంట అలా మిగులుతుంది.

కోటల పిచ్చివాళ్లకి శాన్ జువాన్ లాంటి రేవు లేదు. పాత ఊరి పక్కనే ఓడ ఆగితే ఎల్ మోరో కోటకి నడిచే వెళ్లొచ్చు. 1539లో కట్టడం మొదలైన కోట అది. ముందున్న పెద్ద పచ్చిక మైదానంలో చెట్టు నీడ లేదు, గాలి మాత్రం టోపీ ఎగరేసుకుపోతుంది. కురసావ్‌లో విల్లెమ్‌స్టాడ్ కూడా నడిచి చూసే ఊరే. ఓడ ఆగే ఒట్రోబండా వైపు నుంచి పుండా వైపు రంగురంగుల ఇళ్ల వరసకి వెళ్లాలంటే 1888 నాటి క్వీన్ ఎమ్మా వంతెన దాటాలి. నీటి మీద తేలే వంతెన అది. గంట మోగిందంటే ఏదో ఓడకి దారివ్వడానికి మొత్తం వంతెనే పక్కకి తిరిగిపోతుంది. అప్పుడు ఉచితంగా నడిచే ఫెర్రీ ఎక్కి దాటొచ్చు. మీరు వెనక్కి రావాల్సిన వేళ ఆ వంతెన తెరుచుకుని ఉండొచ్చు, ఆ కాస్త సమయం చేతిలో ఉంచుకోండి.

గ్రాండ్ కేమన్‌లో క్రూజ్ ఓడలు ఆనుకునే గట్టు లేదు. కట్టాలా అని 2025లో ప్రజల్ని ఓటు అడిగితే వద్దన్నారు. ఓడ దూరంగా లంగరేస్తుంది, టెండర్ అనే చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. బెలీజ్ సిటీలోనూ అంతే. ఇలాంటి చోట పొద్దున దిగడానికి, సాయంత్రం ఎక్కడానికి వరస ఉంటుంది, గాలి ఎక్కువైతే ఆ రేవే రద్దవుతుంది. టెండర్ రేవులో సొంతంగా ముందే డబ్బు కట్టిన ఏర్పాటు పెట్టుకోకండి. ఓడవాళ్ల టూరే తీసుకోండి. వాళ్ల రేట్లు ఎక్కువే, కానీ బస్సు ఆలస్యమైతే తమ టూర్‌లో వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగుతుంది. కోజుమెల్ దీవి నుంచి అవతలి ఒడ్డున ఉన్న తులుమ్ పాత మాయా శిథిలాలకి వెళ్లడమూ ఇదే కోవ. ఫెర్రీలో ప్లాయా డెల్ కార్మెన్‌కి, అక్కడి నుంచి బస్సు, మళ్లీ అదంతా వెనక్కి. సొంతంగా వెళ్లకండి. రేవు నుంచి పది నిమిషాల టాక్సీ దూరంలో ఉన్న బీచ్‌కయితే ఓడవాళ్ల టూర్ దండగ.

సెయింట్ మార్టెన్‌లో మాహో బీచ్ గురించి వినే ఉంటారు, విమానాలు నెత్తిమీదుగా దిగే చోటు. దిగేవి చూడండి, పైకి లేచేవాటి వెనక కంచె పట్టుకుని నిలబడకండి. 2017లో ఆ ఇంజిన్ గాలికి ఎగిరిపడి ఒకావిడ చనిపోయారు.

ఇక అన్ని రేవుల్లోనూ కొంపముంచేది గడియారం. కోజుమెల్ ఉన్న రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఒకే సమయం పాటిస్తోంది. ఫ్లోరిడా వేసవిలో గంట ముందుకి జరుపుతుంది. అంటే వేసవిలో ఫ్లోరిడా నుంచి వచ్చిన ఓడ తన గడియారం మార్చకపోతే, ఓడలో 4:30 అయినప్పుడు అక్కడి సిగ్నల్ అందుకున్న మీ ఫోన్‌లో 3:30 ఉంటుంది. ఇంకా గంట ఉందని మీరు తాపీగా ఐస్‌క్రీమ్ తింటుంటారు, పైకి చూస్తే ఓడ మెట్లు తీసేస్తుంటారు. ముల్లుల గడియారం ఒకటి ఓడ సమయానికి పెట్టి ఒకరు చేతికి కట్టుకోండి. దిగేటప్పుడు గుమ్మం దగ్గర బోర్డు మీద రాసిన తిరుగు సమయాన్ని ఇద్దరూ ఫొటో తీయండి. ఆ రోజు కార్యక్రమం కాగితంలో ఆ రేవులో ఓడ కంపెనీ తరఫున ఉండే ఏజెంట్ ఫోన్ నంబరు ఉంటుంది, దాన్నీ తీయండి.

సంచిలో ఏం పెట్టాలో చాలామంది చెప్తారు, ఏం పెట్టకూడదో నేను చెప్తాను. మిలిటరీవాళ్ల మచ్చల (కామఫ్లాజ్) బట్టలు బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియాల్లో సైనికులు కానివాళ్లు వేసుకోవడం నేరం. మా ఆయన షార్ట్ ఒకటి అందుకే ఇంట్లోనే ఉండిపోయింది. ఆక్సీబెంజోన్ అనే రసాయనం కలిసిన సన్‌స్క్రీన్ అరూబాలో, సెయింట్ థామస్ ఉన్న యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో 2020 నుంచి నిషేధం, పగడాలకి హాని అని. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి. తెల్లగా పూత పూసినట్టుంటుంది, పర్వాలేదు, ఇద్దరూ అలాగే ఉంటారు.

బీచ్‌లో నీడ కోసం చెట్టు కిందికి పోయేముందు ఆ చెట్టు మొదలుని ఓసారి చూడండి. మాంచినీల్ అనే చెట్టుకి చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలుంటాయి. కాయ విషం, పాలు తగిలితే బొబ్బలు, వానలో దాని కింద నిలబడినా చర్మం కాలుతుంది. చాలాచోట్ల మొదలుకి ఎర్రరంగు పట్టీ వేస్తారు, అన్నిచోట్లా వేయరు.

ఓడలో ఇద్దరూ

ఒక రేవులో అసలు దిగకండి. జనమంతా వెళ్లిపోయాక పూల్, వేడినీళ్ల టబ్బు, పై డెక్ కుర్చీలు మీవే. స్పాలో ఆ పూట తగ్గింపు కూడా తరచూ పెడతారు. ఏ రేవు వదలాలంటే, ఇద్దరికీ పెద్దగా పట్టనిది.

రోజుకి రెండు గంటలు విడివిడిగా ఉండండి. హనీమూన్ జంటలకి ఇది నచ్చదని తెలుసు. కానీ పొద్దస్తమానం ఆ చిన్న గదిలో, అదే టేబుల్ దగ్గర, అదే కుర్చీల్లో కూర్చుంటే చెప్పుకోవడానికి ఏముంటుంది? ఆయన క్విజ్‌కి పోతాడు, నేను పుస్తకం పట్టుకుని నడక డెక్‌కి పోతాను, మళ్లీ ఫలానా మెట్ల దగ్గర ఫలానా గంటకి అని చెప్పుకుంటాం. ఫోన్లు ఆగిపోయి ఉంటాయి కాబట్టి చోటూ గంటా కచ్చితంగా చెప్పుకోకపోతే ఒకరినొకరు ఓడంతా వెతుక్కోవాలి. భోజనానికి ఇద్దరి టేబుల్ కావాలంటే మొదటి రోజే అడగండి, అవి తొందరగా అయిపోతాయి.

సూర్యాస్తమయం ఎటువైపు కనిపిస్తుందో ముందే లెక్కేయొచ్చు. ఓడ దక్షిణానికి పోతుంటే కుడివైపు, ఉత్తరానికి పోతుంటే ఎడమవైపు.

ఆఖరి రాత్రి పెద్ద పెట్టెలు గుమ్మం బయట పెట్టమంటారు. రాత్రికే తీసుకుపోతారు, మళ్లీ రేవులోనే కళ్లబడతాయి. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులతో సహా, బయట ఉన్నాయో లేదో చూసుకున్నాకే జిప్పు వేయండి. పెట్టెలు మీరే మోసుకోగలిగితే బయట పెట్టనక్కర్లేదు, వాటితో అందరికంటే ముందు దిగిపోవచ్చు. ఎలా దిగినా తిరుగు విమానం మధ్యాహ్నం 12 దాటాకే పెట్టుకోండి.