గోడను వెనక్కి తిప్పి చూడండి: రైలు మోడల్ భవనాల్లో చిక్కులు, వాటికి మందు

కిట్ కొనకుండా, షీటు కోసి మొదటినుంచి సొంతంగా కట్టిన బుల్లి స్టేషనో గోడౌనో తేడా కొడితే చూపు ముందువైపుకే పోతుంది. రంగు బాగోలేదనో, ఇటుకల గీతలు సరిగ్గా రాలేదనో అనుకుంటాం. అసలు తప్పు మాత్రం చాలాసార్లు ఎవరికీ కనపడదులే అని వదిలేసిన వెనకవైపు ఉంటుంది. ఎక్కువమందిని ఏడిపించే దానితోనే మొదలుపెడతాను.

గోడ విల్లులా వంగింది

ముందు ఒక్క ప్రశ్న: ఎప్పుడు వంగింది? కారణం సగం అక్కడే తెలిసిపోతుంది.

రంగో జిగురో వేసిన రోజే వంగితే అది నీటి పని. గోడ బహుశా అట్టతో చేసి ఉంటారు. అట్ట తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బిగుసుకుంటుంది. ఒకవైపే తడిపితే ఒకవైపే బిగుసుకుని, ఆరాక రంగు వేసిన వైపుకు లాగేస్తుంది. మందు తేలికే. ముందువైపు ఎన్ని పూతలు వేశారో వెనకవైపూ అన్నే వెయ్యండి. ఇంకా మంచి పద్ధతి, ముక్కలు కొయ్యకముందే అట్టకు రెండువైపులా వార్నిష్ పట్టించడం. ఇప్పటికే వంగిపోయిందా? వెనకవైపు తడిగుడ్డతో పైపైన అద్ది, రెండు చదునైన పలకల మధ్య బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. బయటికి తీశాక లోపల అడ్డపట్టీలు అతికించకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

రెండు మూడు వారాలు నిటారుగా నిలబడి, ఆ తర్వాత వంగితే అది వేరే కథ. ఆ గోడ స్టైరీన్ ప్లాస్టిక్ షీటుదై ఉంటుంది. ఇటుకల గీతలున్న పలుచటి షీటును ఇంకో మందపాటి షీటు మీద సాల్వెంట్ జిగురుతో పరిచి అతికించి ఉంటారు. ఈ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది. కలిపాక అది ఆవిరై పోవాలి. రెండు షీట్ల మధ్య చిక్కుకుంటే పోయే దారి లేక, అక్కడే నానుతూ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. నా మొదటి గూడ్స్ షెడ్డు ఇలాగే పోయింది. నెల తిరిగేసరికి పొడవాటి గోడ అరటి ఆకులా వంపు తిరిగింది. నేనేమో పాపం షీటు నాసిరకమని తిట్టుకున్నాను.

ఒకసారి ఇలా వంగిన స్టైరీన్‌ను సరిచెయ్యడానికి కుస్తీ పట్టకండి, కొత్తది కోసుకోవడమే నయం. కొత్తదానికి మాత్రం అతికించే ముందే లోపలి షీటుకు రెండేసి సెంటీమీటర్ల దూరంలో చిన్న రంధ్రాలు చెయ్యండి. ఆవిరి అటునుంచి పోతుంది. జిగురు వరదలా పారించకుండా చుక్కలు చుక్కలుగా పెట్టండి. పైకప్పుతో పూర్తిగా మూసేయకుండా కొన్ని రోజులు గాలి ఆడనివ్వండి.

మూలలు కలవలేదు, ఇటుకల వరసలూ కలవలేదు

నాలుగు గోడలూ ప్లానులో ఉన్న కొలతకే కోశారు, షీటు మందం మర్చిపోయారు. 1 మి.మీ. షీటుతో ముందు గోడకు రెండు చివరలా పక్కగోడలు బయటినుంచి ఆనితే మొత్తం వెడల్పు 2 మి.మీ. పెరుగుతుంది. బేస్ అదే కొలతలో ఉంటుంది కాబట్టి ఏదో ఒకచోట సందు నోరు తెరుస్తుంది. అంచులను వెనకనుంచి 45 డిగ్రీలకు అరగదీసి కలిపితే కొలత మారదు, కోసిన అంచు కూడా బయటికి కనపడదు. లోపలి మూలలో చతురస్రపు కడ్డీ ముక్క అతికించండి. ఆరకముందే పెట్టె రెండు కర్ణాలూ కొలిచి చూడండి, సమానంగా రాకపోతే మూలమట్టం తప్పినట్టే.

ఇటుకల వరసలకు పుట్టీ పని చెయ్యదు. నాలుగు గోడలనూ ఒకే షీటు మీద, ఒకే అడుగు గీత నుంచి పక్కపక్కన గీసి కోస్తేనే వరస మూల తిరిగినా తప్పదు.

కిటికీ అద్దానికి తెల్లటి పొగ పట్టింది

సూపర్ గ్లూ ఆవిరి. మూసి ఉన్న గదిలో అది అద్దం మీదే పేరుకుంటుంది. అద్దాలకు తెల్ల జిగురు చాలు, అక్కడ బరువు మోసేదేమీ లేదు. ఇప్పటికే పట్టిన పొగ మీద మెరిసే ఆక్రిలిక్ వార్నిష్ పలుచగా ఒక పూత వేస్తే చాలావరకు మాయమవుతుంది. అద్దాలు పెట్టాక మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టినా ఇదే గతి. అందుకే అద్దం పని ఎప్పుడూ ఆఖరున.

లోపల దీపం పెడితే గోడంతా వెలుగుతోంది

తెల్ల స్టైరీన్ లాంతరు కాగితం లాంటిది. బయట ఎన్ని రంగులు వేసినా లోపలి ముఖానికి నల్లరంగు పడకపోతే వెలుతురు ఆగదు. నలుపు ఆరాక దాని మీద తెలుపు వేస్తే గది వెలుగు తగ్గదు. చూరు కింద గీతలా వెలుతురు కారితే గోడ పైఅంచుకు లోపలివైపు నల్ల అట్ట పట్టీ అంటించండి.

ఇంకో తప్పు ఎల్‌ఈడీని పూర్తి జోరులో వెలిగించడం. 12 వోల్టులకు 470 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే ముక్క) పెడితే తెల్ల ఎల్‌ఈడీలో దాదాపు 19 మిల్లీఆంపులు పారతాయి, బుల్లి గది ఫ్లడ్‌లైటు వేసినట్టుంటుంది. 2.2 కిలో ఓమ్‌లు పెడితే 4 దగ్గర ఆగుతుంది, కంటికి అదే హాయి. పైకప్పును మాత్రం శాశ్వతంగా అతికించకండి. దీపం ఏదో ఒక రోజు పోతుంది.

అంతా కుదిరింది, అయినా బొమ్మలా ఉంది

ఇది వెతికి పట్టుకోవడం కష్టం, ఎందుకంటే విడివిడిగా చూస్తే తప్పేమీ ఉండదు. నేను ముందు మందాలు చూస్తాను. రైలు మోడళ్లలో హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే అసలుదానిలో 87వ వంతు. ఆ లెక్కన 1 మి.మీ. పట్టీతో చేసిన కిటికీ కమ్మీ అసలు భవనంలో 87 మి.మీ. వెడల్పుంటుంది. కమ్మీ కాదు, దూలం! 0.25 మి.మీ. పట్టీ అయితే 22 మి.మీ.కు దిగుతుంది, నమ్మబుద్ధేస్తుంది. గోడ దగ్గర ఇదే తప్పు తిరగబడుతుంది. 230 మి.మీ. ఇటుక గోడ ఈ స్కేలులో 2.6 మి.మీ. ఉండాలి. అర మిల్లీమీటరు షీటుకు వెనకనుంచి అద్దం అంటిస్తే కిటికీ గోడకు అతికించిన స్టిక్కరులా ఉంటుంది. కంతల చుట్టూ వెనకవైపు పట్టీలు కట్టి లోతు తెప్పించండి, నీడ పడుతుంది. సగం జీవం ఆ నీడదే.

తర్వాత తలుపు. 2 మీటర్ల తలుపు హెచ్‌ఓలో 23 మి.మీ., ఎన్ స్కేలు 1:160లో 12.5 మి.మీ. మనిషి బొమ్మను పక్కన నిలబెడితే తప్పు వెంటనే దొరుకుతుంది. పైకప్పు అంచు బండగా కనిపిస్తే షీటు మార్చనక్కర్లేదు, చూరు అడుగుభాగాన్ని ఏటవాలుగా అరగదీస్తే పైనుంచి పలుచగా కనిపిస్తుంది. పెంకుల వరసలు చూరు నుంచి మొదలై కొప్పుకు ఎక్కాలి. తిప్పి అతికించినవాళ్లను చూశాను, ఆ ఇంట్లోకి వాన నేరుగా దిగుతుంది.

మెరుపు ఆఖరి అనుమానితుడు. మ్యాట్ వార్నిష్ ఒక పూత వేసి, డబ్బాలోంచి తీసిన ముదురు రంగులో కాస్త బూడిదరంగు కలిపితే చాలు.

ఫోమ్ కరిగి గుంటలు పడింది

డబ్బా స్ప్రేలోని సాల్వెంటు థర్మోకోల్‌ను, ఫోమ్ బోర్డు మధ్య పొరను తినేస్తుంది. కోసిన అంచులకు ముందు తెల్ల జిగురు పట్టించండి, రంగు నీళ్లలో కలిసేదే వాడండి.

భవనం నేల మీద తేలుతోంది

గోడ కింద సన్నటి వెలుతురు గీత కనిపిస్తుంది. పునాది పలకను రెండు మూడు మిల్లీమీటర్లు నేలలోకి దింపి, మట్టి, గడ్డి పొడి గోడ అంచుదాకా తెచ్చి కప్పండి. గోడ అడుగున రంగు కాస్త మురికిగా ఉండాలి.

రైలు చూరుకు రాసుకుంటోంది

తిన్నటి పట్టా మీద కొలిచి, వంపులో కట్టారు. వంపులో పొడవాటి పెట్టె చివరలు బయటికీ, నడుము లోపలికీ జరుగుతాయి. మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన పెట్టెకు ఒకసారి మూలన, ఒకసారి నడుమున పెన్సిల్ కట్టి చేత్తో తోయండి. నేల మీద పడిన రెండు గీతల మధ్య ఏదీ ఉండకూడదు. కట్టేసిన తర్వాత తెలిసిందా? ప్లాట్‌ఫారం కప్పును కొయ్యడం కంటే భవనం మొత్తాన్ని వెనక్కి జరపడం తేలిక. పునాదిని నేలకు అతికించకుండా రెండు మరలతో బిగించి ఉంటే అది పది నిమిషాల పని.