మబ్బు పట్టినప్పుడు సైకిల్ ట్రైనింగ్‌కి వెళ్తున్నారా?

కోనసీమలో రోడ్ సైకిల్ తొక్కేవాళ్ళకి ఒక మాటండి, మబ్బేసి ఉన్నప్పుడు రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళి రావడం లాంటి లాంగ్ రైడ్ పెట్టుకోకండి, ఇంటికి దగ్గర్లోనే 8, 10 కిలోమీటర్ల రౌండ్ ఒకటి చూసుకుని దాన్నే తిప్పి తిప్పి కొట్టండి, ట్రైనింగ్ ఏమీ తగ్గదు, ఇంటర్వెల్స్‌కైతే, అంటే కాసేపు గట్టిగా కాసేపు మెల్లగా మార్చి మార్చి తొక్కడానికైతే, ఇంకా మంచిది, వాన మొదలైతే తొందరగా ఇంట్లో పడొచ్చు.

అసలు వాన కంటే పిడుగుతోనే భయం. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి, 3 సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు, 30 లోపు వినపడిందంటే 10 కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, వెంటనే ఏదైనా పక్కా బిల్డింగ్‌లోకి వెళ్ళిపోండి, ఆఖరి ఉరుము తర్వాత ఇంకో 30 నిమిషాలు ఆగండి. కొబ్బరిచెట్ల కింద మాత్రం వద్దండి బాబూ, పిడుగే కాదు, గాలికి మట్టలూ కాయలూ కూడా పడతాయి. ఫోన్లో దామిని యాప్ వేసుకోండి, పూణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళది, చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.

ఊడ్పుల టైంలో ట్రాక్టర్ చక్రాల నుంచి రాలిన చేల బురద తొలి చినుకులకే జారుడైపోద్ది, కాలవ గట్టు మలుపుల్లో ముందే స్లో అవ్వండి, సైకిల్ వంగి ఉన్నప్పుడు బ్రేక్ పట్టకండి. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని నొక్కి ఆపేవి, తడిస్తే లేటుగా పడతాయి, అప్పుడప్పుడు లైట్‌గా నొక్కుతూ ఉండండి. టైర్లలో గాలి 5 నుంచి 10 పీఎస్‌ఐ తగ్గిస్తే గ్రిప్ బాగుంటుంది. వెనక లైటు పగలైనా వేసే ఉంచండి.

ఇంటికొచ్చాక చైన్ తుడిచి లూబ్ (చైన్ ఆయిల్) వెయ్యండి, సముద్రం గాలికి మన దగ్గర తుప్పు తొందరగా పట్టేద్ది.