గొర్రెపిల్లలకు గడ్డిముళ్లు దిగకుండా ఏం చేయాలి?

కార్తీకం వానలు ఆగి, చంద్రగిరి గుట్టల వాలులో గడ్డి ఎర్రబారే రోజుల్లో ఈ బాధ మొదలవుతుంది. మోకాలెత్తు గడ్డిలో తల దూర్చిన పిల్లకు కంట్లో, పెదవుల్లో, గిట్టల సందున ముళ్లు దిగుతాయి. చర్మం దాటి కండలోకి పోతే చీము పడుతుంది. కోసినప్పుడు ఆ మాంసం తీసి పారేయాల్సిందే, తోలుకూ చిల్లులే.

ఈ ముల్లు నిజానికి గడ్డి గింజే. ముందు దాన్ని గుర్తుపట్టండి. స్పియర్ గ్రాస్ గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి. సూదిలాంటి మొన, దాని మీద వెనక్కి వాలిన నూగు, వెనక మెలితిరిగిన పొడుగాటి తోక. చుక్క నీళ్లు వేస్తే ఆ తోక మెల్లగా తిరుగుతుంది. మంచుకు తడిసిన పిల్ల ఒంటి మీదా ఇదే జరుగుతుంది. నూగు వెనక్కి రానివ్వదు కాబట్టి ముల్లు లోపలికే పోతుంది.

ఈ గడ్డి లేతగా ఉంటే గొర్రెలు బాగానే తింటాయి. అందుకే వానాకాలంలోనే పెద్ద మందను అక్కడికి తోలండి. మిగిలింది పూత మీదుండగానే కోసేయండి. గింజ ముదిరాక కోస్తే అది నేల రాలి వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుంది.

ముళ్లు ముదిరిన రోజుల్లో పిల్లలను వేరుచేసి చెనక్కాయ పీకిన చేలో, వరి కోసిన మడిలో, దున్నిన మామిడితోటలో మేపండి. చాలకపోతే దొడ్డిలో చెనక్కాయ కట్టె వేయండి. మేత తలకన్నా ఎత్తులో కట్టొద్దు, నలుసులు కళ్లలో పడతాయి. ఆస్ట్రేలియాలో ఈ కాలానికి ముందే పిల్లల ఉన్ని కత్తిరిస్తారు. మన నెల్లూరు జాతికి ఉన్ని పెద్దగా ఉండదు, కానీ ముఖానికీ కాళ్లకూ ముప్పు అంతే.

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం సాయంత్రం పూట చూసుకోవడం. పోయినేడు మా జోడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) పిల్ల ఒకటి కన్ను మూసుకుని నీరు కారుస్తుంటే కండ్లకలక అనుకుని రెండు రోజులు చుక్కలు వేశాను. మూడోనాడు రెప్ప ఎత్తి టార్చి వేస్తే, లోపలి మూలలో వెంట్రుకంత తోక కనిపించింది. గుడ్డు మీద అప్పటికే తెల్లపొర వచ్చేసింది. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకని దొడ్డిలోకి వచ్చే ప్రతి పిల్లనూ పట్టి రెప్పలు, చెవులు, పెదవుల లోపల, గిట్టల సందులు చూడండి. రొమ్ము, పక్కల మీద చెయ్యి నిమిరితే గడ్డలు తెలుస్తాయి. చర్మంలో దిగిన ముల్లును వచ్చిన దారినే పట్టకారుతో లాగి అయోడిన్ పూయండి. కంట్లో ఉంటే సెలైన్‌తో కడగండి. కదలకపోతే లాగొద్దు, 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. సూదిమందు వేయిస్తే, ఎన్నాళ్లదాకా కోతకు ఇవ్వకూడదో డాక్టరును అడిగి దొడ్డి గోడ మీదే రాసుకోండి.