ఆఫీసు మెయిల్‌కు సెక్యూరిటీ కీ: రెండు కొనండి, ఎస్ఎంఎస్ దారి మూయండి

అనంతపురంలో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసులో ఒక్క జీమెయిల్ పోయిందంటే క్లయింట్ల పాన్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ పరాయివాళ్ల చేతిలో పడ్డట్టే. మీ టేబుల్ సొరుగులో ఉన్న డీఎస్సీ టోకెన్ దీన్ని ఆపలేదు. అది డిజిటల్ సంతకానికి, పైగా దానికి గడువుంటుంది. సెక్యూరిటీ కీ అంటే పెన్‌డ్రైవ్‌లా ఉండే చిన్న పరికరం, అది లాగిన్ కోసం. కొనేటప్పుడు ఫిడో2 (ఇలాంటి లాగిన్‌కు ఉన్న ప్రమాణం) అని రాసుందా అని చూడండి.

ఓటీపీని దొంగ పేజీలో మనమే టైపు చేసి ఇచ్చేస్తాం. కీ దగ్గర ఆ పప్పులుడకవు. రిజిస్టర్ చేసిన వెబ్‌సైట్ పేరుకే అది జవాబిస్తుంది, పేరులో ఒక్క అక్షరం మారినా పలకదు.

తప్పనిసరిగా రెండు కొనండి, ఒకటి పోతే రెండోది ఉంటుంది. పాత డెస్క్‌టాప్‌కు యూఎస్‌బీ-ఏ, కొత్త ల్యాప్‌టాప్‌కు, ఫోన్‌కు టైప్-సి.

గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ విభాగం తెరిచి, 'పాస్‌కీస్ అండ్ సెక్యూరిటీ కీస్'లోకి వెళ్లండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: విండోస్ ముందుగా ఈ కంప్యూటర్లోనే సేవ్ చేయమంటావా అని అడుగుతుంది. ఓకే కొట్టేస్తే కీలో ఏమీ చేరదు. వేరే డివైస్ అన్నది ఎంచుకుని, సెక్యూరిటీ కీ నొక్కండి. పిన్ పెట్టి, కీ మీది లోహపు భాగాన్ని వేలితో తాకండి. పేరు 'ఆఫీసు' అని పెట్టండి. రెండో కీని కూడా అప్పుడే చేర్చి 'ఇల్లు' అని పెట్టండి. రేపు ఒకటి పోతే ఏది తీసేయాలో ఆ పేర్లే చెప్తాయి.

యూబీకీ అనే బ్రాండు కీలో పిన్ వరసగా 3 సార్లు తప్పితే కీని తీసి మళ్లీ పెట్టాలి. మొత్తం 8 సార్లు తప్పితే లాక్ అవుతుంది. రీసెట్ చేస్తే అందులోని లాగిన్లన్నీ చెరిగిపోతాయి, ప్రతి అకౌంట్‌లో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి.

ఫోన్ కీని గుర్తించకపోతే సెట్టింగ్స్‌లో ఓటీజీ (ఫోన్‌కు యూఎస్‌బీ పరికరాలు తగిలించే సదుపాయం) ఆన్‌లో ఉందా చూడండి. కొన్ని ఫోన్లలో వాడకపోతే దానంతటదే ఆఫ్ అవుతుంది. ఎన్ఎఫ్‌సీ, అంటే గుచ్చకుండా ఆనిస్తే పనిచేసే కీ అయితే ఫోన్ మందపాటి కవరు తీసి, ఫోన్ వెనకవైపు ఆనించి కదపకుండా పట్టుకోండి. యూబీకీ 5ను అనుకోకుండా తాకితే ఎక్సెల్‌లో అర్థంలేని అక్షరాలు పడొచ్చు. అవి తుడిచేయండి, భయం లేదు.

తర్వాత గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్లు (కీ దగ్గర లేనప్పుడు లాగిన్‌కు వాడేవి) ప్రింటు తీసి రెండో కీతో పాటు ఇంటి బీరువాలో పెట్టండి. ప్రైవేట్ విండోలో రెండు కీలతోనూ విడివిడిగా లాగిన్ అయి చూసుకోండి. రెండూ పనిచేశాకే టూ-స్టెప్ వెరిఫికేషన్‌లోంచి ఫోన్ నంబరు తీసేయండి. ఇది వదిలేస్తే మీ నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసినవాడికి దారి తెరిచే ఉంటుంది, కీ ఉండీ లాభం లేదు.

లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌ను మాత్రం కీ కాపాడదు. ఇన్వాయిస్ పేరుతో వచ్చిన జిప్ ఫైల్ తెరిస్తే ఆ సెషన్‌నే ఎత్తుకుపోయే వైరస్‌లున్నాయి. నలుగురూ వాడే సిస్టమ్‌లో పని కాగానే సైన్ అవుట్ చేసి, కీ జేబులో వేసుకోండి.