భయంలో ఉన్న యూదు పొరుగువారికి క్రైస్తవులు తోడు నిలవడం ఎలా?

2022 జనవరి 15, శనివారం ఉదయం. డాలస్ దగ్గరి కాలీవిల్ పట్టణంలో ఒక అపరిచితుడు బెత్ ఇజ్రాయెల్ సమాజమందిరం (యూదుల ప్రార్థనాలయం) తలుపు తట్టాడు. చలికి తలదాచుకోవడానికి వచ్చాడనుకుని అక్కడి మతగురువు రబ్బీ లోపలికి పిలిచి టీ ఇచ్చారు. ఆరాధన నడుస్తుండగా ఆ మనిషే తుపాకీ చూపి రబ్బీతో కలిపి నలుగురిని బందీలను చేశాడు. గంటల తరబడి సాగిన ఆ నిర్బంధం నుంచి నలుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. అంతకు ముందు, 2018 అక్టోబరు 27న, పిట్స్‌బర్గ్‌లో సమాజమందిరంలో ప్రార్థనకు వచ్చినవారిలో 11 మందిని ఒక దుండగుడు కాల్చి చంపాడు. 2025 అక్టోబరు 2న, యోమ్ కిప్పూర్ ఉపవాస దినాన, మాంచెస్టర్‌లో సమాజమందిరం మీద జరిగిన దాడిలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.

డాలస్, న్యూజెర్సీ, లండన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు క్రైస్తవులకు యూదులు సహోద్యోగులుగానో, పిల్లల బడి స్నేహితుల తల్లిదండ్రులుగానో తారసపడుతూనే ఉంటారు. వారికోసం ఏదైనా చేయాలని ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి ఈ సూచనలు పనికొస్తాయి.

మొదటి మెట్టు: మన ప్రసంగ వేదిక

సమాజమందిరానికి వెళ్లేముందు మన సంఘంలో ఏం బోధిస్తున్నామో చూసుకోవాలి. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటలను ధ్యానించేటప్పుడు "యూదులు యేసును చంపారు" అనే వాక్యం ఎంత తేలికగా దొర్లిపోతుందో గమనించండి. ఐరోపాలో శతాబ్దాలపాటు ఆ మాట విని గుడి బయటికి వచ్చినవారే యూదుల ఇళ్ల మీద పడ్డారు. 1903లో కిషినేవ్ నగరంలో ఈస్టర్ రోజున మొదలైన దాడుల్లో 40 మందికి పైగా యూదులు హతమయ్యారు.

ప్రొటెస్టంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1543లో యూదుల సమాజమందిరాలను తగలబెట్టమని రాశారు. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో ఆ రాతలను తిరస్కరిస్తూ యూదు సమాజానికి బహిరంగ ప్రకటన ఇచ్చింది. అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చారు. ఆ పరిచర్య నుంచి ఎదిగిన తెలుగు సంఘాలకు ఇది పరాయి చరిత్ర కాదు. కాథలిక్కుల వైపు చూస్తే, యేసు మరణానికి ఆనాటి యూదులందరినీ గానీ, ఈనాటి యూదులను గానీ బాధ్యులను చేయకూడదని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే తేల్చి చెప్పింది.

కాబట్టి పాస్టరుగారితో, సండే స్కూలు ఉపాధ్యాయులతో కూర్చుని మాట్లాడండి. సిలువ వృత్తాంతం చెప్పేటప్పుడు ప్రధాన యాజకులు, పిలాతు, రోమా సైనికులు అని ఎవరి పాత్ర వారికే చెప్పాలి. యేసు, మరియమ్మ, అపొస్తలులు యూదులేనని పిల్లలకు చిన్ననాటి నుంచే తెలియాలి. ఇది చేయకుండా పూలగుత్తి పట్టుకుని వెళ్లడంలో నిజాయతీ లేదని నా గట్టి నమ్మకం.

రెండో మెట్టు: షరతులేని స్నేహం

సువార్త చెప్పడం మనలో చాలామందికి ప్రాణప్రదం. కానీ భయంతో ఉన్నవారి దగ్గరికి కరపత్రాలతో వెళ్లకండి. స్పెయిన్‌లో 1492లో యూదుల ముందు పెట్టిన దారులు రెండే: బాప్తిస్మం లేదా దేశ బహిష్కారం. అలాంటి జ్ఞాపకాలున్న జాతికి, మన దయ వెనక ఏదో ఉద్దేశం ఉందేమోనన్న అనుమానం రావడం సహజం. వారే అడిగితే మన విశ్వాసం గురించి దాచకుండా చెప్పవచ్చు. అడగనప్పుడు మౌనంగా ఉండటం విశ్వాసద్రోహం కాదు.

అంత్యదినాల ప్రవచనాలను కూడా ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. ఎదురుగా ఉన్నవారు బిడ్డను బడికి పంపాలంటే గుండె దడదడలాడే తల్లిదండ్రులు. వారిని ప్రవచన నెరవేర్పుకు సూచనగా చూస్తే వారు మనుషులుగా కనిపించరు.

మూడో మెట్టు: ముందుగా ఉత్తరం

చెప్పకుండా వెళ్లవద్దు. కాలీవిల్ ఘటన తెలిశాక దీనికి కారణం వివరించనక్కరలేదు. సంచులతో గుంపుగా వచ్చే కొత్త ముఖాలు, ఎంత మంచి మనసుతో వచ్చినా, లోపల ఉన్నవారిని హడలగొడతాయి. సమాజమందిరం కార్యాలయానికి ఈమెయిల్ పంపండి, లేదా పని రోజుల్లో ఫోను చేయండి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేవరకు సబ్బాతు, అంటే వారి విశ్రాంతి దినం. ఆ సమయంలో జవాబు కోసం ఎదురుచూడకండి.

ఇంత రాస్తే చాలు: "మేము మీ ఊళ్లోని తెలుగు క్రైస్తవ సంఘం. మీకు జరిగింది విని ఎంతో బాధపడ్డాం. ఆదివారం మా ఆరాధనలో మీ కోసం ప్రార్థించాం. ఈ సమయంలో మా వల్ల మీకు ఏది ఉపయోగమో చెప్పండి, అదే చేస్తాం. ఇప్పుడు ఎవరూ రావద్దనుకుంటే దాన్నీ గౌరవిస్తాం. ఈ స్నేహానికి షరతులేవీ లేవు." కింద బాధ్యుల పేరు, ఫోను నంబరు, సంఘం చిరునామా ఉండాలి. జవాబు రాకపోతే నొచ్చుకోకండి. అలాంటి రోజుల్లో ఆ కార్యాలయం పోలీసులతో, పత్రికలవారితో, ఏడుస్తున్న కుటుంబాలతో సతమతమవుతూ ఉంటుంది.

నాలుగో మెట్టు: పిలిచినప్పుడు వెళ్లడం

గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. కాపలాదారు ప్రశ్నలడిగితే ఓపికగా జవాబివ్వండి. మగవారికి తలమీద పెట్టుకునే కిప్పా ఇస్తే ధరించండి. సబ్బాతు నాడు ఫోను బయటికి తీయవద్దు, ఫొటోలు తీయవద్దు. "షబ్బత్ షాలోమ్" అనే పలకరింపు చాలు.

ఆతిథ్యం మన రక్తంలోనే ఉంది కనుక, ఇంట్లో వండిన బిరియానీతో బయలుదేరాలనిపిస్తుంది. కోషర్ అనే యూదు ఆహార నియమాలు పాటించేవారు బయటి వంటింటి భోజనం తినరు. కోయని పండ్లో, కోషర్ ముద్ర ఉన్న ప్యాకెట్టో మేలు. అదీ ముందే అడిగి. దుఃఖంలో ఉన్న ఇంటికి పూలు తీసుకెళ్లడం వారి సంప్రదాయం కాదు, చనిపోయినవారి పేర విరాళం ఇస్తారు. అంత్యక్రియల తరువాత ఏడు రోజులు షివా అనే సంతాప కాలం. ఆ ఇంటికి వెళ్తే, దుఃఖంలో ఉన్నవారు నోరు తెరిచేవరకు మౌనంగా పక్కన కూర్చోవడమే మర్యాద. "దేవుని చిత్తం" లాంటి మాటలు వద్దు.

ఐదో మెట్టు: ప్రార్థన

మన సంఘంలో ప్రార్థించేటప్పుడు ఊరి పేరు, సమాజమందిరం పేరు ఎత్తి ప్రార్థించండి. గాయపడినవారిని, తలుపు దగ్గర నిలబడే కాపలాదారులను, మళ్లీ బడికి వెళ్లాల్సిన పిల్లలను తలచుకోండి.

యూదులతో కలిసి ఉన్నచోట కీర్తనలు చదవడం అన్నిటికన్నా మంచిది. "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును" అని అడిగే 121వ కీర్తనను కష్టకాలంలో వారూ చదువుతారు. ఒక్క జాగ్రత్త: మన తెలుగు బైబిల్లో అడుగడుగునా కనిపించే "యెహోవా" అనే నామాన్ని యూదులు ఉచ్చరించరు. వారి ముందు చదివేటప్పుడు అక్కడ "ప్రభువు" అనండి. వారి ప్రార్థన సాగుతున్నప్పుడు గౌరవంగా నిలబడితే చాలు. కొన్ని కూటాల్లో మనవాళ్లు యూదుల ప్రార్థనా శాలువా కప్పుకోవడం, షోఫార్ బూర ఊదడం చేస్తుంటారు. దయచేసి అక్కడ అది చేయకండి. వారి పవిత్ర వస్తువులు వారివే.

ఆరో మెట్టు: నలుగురిలో నిలబడటం

1993 డిసెంబరులో అమెరికాలోని బిల్లింగ్స్ పట్టణంలో, యూదుల దీపాల పండుగ హనుక్కా దీపస్తంభం కనిపిస్తున్న ఒక యూదు బాలుడి పడకగది కిటికీలోంచి ఎవరో ఇటుక విసిరారు. స్థానిక చర్చిలో సండే స్కూలు పిల్లలు కాగితం మీద ఆ దీపస్తంభం బొమ్మలు వేశారు. ఊరి దినపత్రిక దాన్ని నిండు పేజీలో ముద్రించింది. వేల ఇళ్ల కిటికీల్లో ఆ బొమ్మలు వెలిశాయి. బొమ్మ పెట్టిన కొన్ని ఇళ్ల మీదా దాడులు జరిగాయి. అయినా జనం తగ్గలేదు. ఏది యూదుల ఇల్లో పోల్చుకోవడం దుండగులకు కష్టమైంది. ఇలాంటిది మీ ఊళ్లో చేయాలంటే మొదట యూదు పెద్దల సమ్మతి అడగండి. కొందరికి ఆ సమయంలో ప్రచారమే ప్రమాదం.

ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసే ప్రతి పనికీ పక్కింటి యూదుణ్ని సంజాయిషీ అడగవద్దు. యూదుల పట్ల ప్రేమను ముస్లింల మీద ద్వేషంగా మార్చవద్దు. 2015 ఫిబ్రవరిలో ఓస్లోలో సమాజమందిరం చుట్టూ చేతులు పట్టుకుని రక్షణ వలయంగా నిలవాలని పిలుపునిచ్చింది ముస్లిం యువతే.

తెలుగు నేల మీద ఉన్నవారికీ పని ఉంది. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీము అనే తెలుగు యూదులు ఉన్నారు. వారిని వింతగా చూడక పొరుగువారిగా పలకరించండి. యూదులు లోకాన్ని రహస్యంగా ఏలుతున్నారంటూ వాట్సాప్‌లో సందేశం వస్తే, అది అబద్ధమని ఆ బృందంలోనే చెప్పండి.

దాడి జరిగిన వారంలో అందరూ వస్తారు. ఆరు నెలల తరువాత ఎవరూ ఉండరు. అందుకే దాడి జరిగిన తేదీని, యూదుల పండుగలను సంఘం క్యాలెండరులో రాసుకోండి. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాకు "షనా టోవా" (శుభ సంవత్సరం) అంటూ ఒక కార్డు పంపండి. అక్కడి నుంచి పదో రోజున వచ్చే యోమ్ కిప్పూర్ పండుగ సంబరం కాదు కనుక, ఉపవాసం తేలికగా సాగాలని కోరుకుంటే సరిపోతుంది.